మూడు నెలల తాగుబోతు

బొమ్మ వయసెంత అని అడిగితే మీరూ నేనూ అయితే నవ్వి ఊరుకుంటాం. కొండపల్లి కనకాచారి నవ్వలేదు. బొమ్మను వెల్లకిలా తిప్పాడు, ఎడమ పాదం అడుగున యాభై ఏళ్ళ కిందట తానే రాసిన తేదీ చూశాడు, కళ్ళజోడు సర్దుకుని దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాసేశాడు. నిజమాడితే నిష్ఠూరం అన్నారు పెద్దలు. పాపం, ఆ పెద్దలెవరూ ప్రభుత్వ దరఖాస్తు నింపిన పాపాన పోలేదు. ఇంట్లో నిజమాడితే నిష్ఠూరంతో పోతుంది. దరఖాస్తులో నిజం రాస్తే కమిటీ వేస్తారు.

ఆ కమిటీ సంగతి తెలియాలంటే ముందు బొమ్మ సంగతి తెలియాలి.

డెబ్భై ఆరులో మద్రాసులో ఒక కంపెనీ వాళ్ళు కొంగ మార్కు బీరుకి సినిమా హాళ్ళలో వేసే ప్రకటన తీయించారు. నిమిషం నిడివి. అందులో మనుషులు లేరు, అన్నీ బొమ్మలే. బొమ్మను వెంట్రుకవాసి కదపాలి, కెమెరా మీట ఒకసారి నొక్కాలి. మళ్ళీ వెంట్రుకవాసి కదపాలి, మళ్ళీ నొక్కాలి. అలా ఇరవై నాలుగు ఫ్రేములు పోగైతే తెరమీద ఒక్క సెకను. ఆ బొమ్మల కోసం కొండపల్లి నించి కనకాచారిని పిలిపించారు. అప్పటికతనికి ఇరవై ఆరేళ్ళు, పెళ్ళై ఏడాది. పొణికి కర్ర చెక్కి, కీళ్ళలో ఇనప తీగ దూర్చి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో బొజ్జా బుగ్గలూ అద్ది, బానయ్యను తయారుచేశాడు. తలపాగా పెట్టుకున్న బానయ్య నడుచుకుంటూ వస్తాడు. కొంగ గ్లాసు అందిస్తుంది. తాగుతాడు. నురగ అంటుకుని, వాలిపోయిన మీసాలు రెండూ మెల్లమెల్లగా పైకి లేస్తాయి. అంతే కథ. హాల్లో జనం ఈలలు వేసేవాళ్ళట.

ఆ నురగ కనకాచారి భార్య శేషారత్నం పని. సబ్బు నురగ దీపాల వేడికి చచ్చిపోతుందని, దూదిని పోగులుగా చీల్చి ప్రతి ఫ్రేముకీ ఆవిడే అద్దేది. నలభై ఒక్క రోజులు అద్దింది. ఒక రోజు ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకునే లోపలే కెమెరా దగ్గరున్నవాడు మీట నొక్కేశాడు. "ఒక్క ఫ్రేమే గదా, ఎవడికి కనపడుద్దిలే" అని వదిలేశారు. అలా బానయ్య మీసం పక్కన ఒకే ఒక్క ఫ్రేములో శేషారత్నం కుడిచెయ్యి మిగిలిపోయింది. మణికట్టు మీద తులసికోట పచ్చబొట్టు, రెండు మట్టిగాజులు, చూపుడువేలి కొసన దూదిపోగు.

శేషారత్నం పోయి పదకొండేళ్ళు. ఆవిడ ఫోటో ఇంట్లో ఒకటే ఉండేది, పెళ్ళినాటిది. ఆ మధ్య వాగు పొంగి ఇంట్లోకి నడుంలోతు నీళ్ళొచ్చినప్పుడు అదికాస్తా తెల్లకాగితమైంది. ఆధార్ కార్డు మీదున్న ఫోటోని శేషారత్నం అని ప్రభుత్వం నమ్మితే నమ్మిందేమో గాని, ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మొగుడు మాత్రం నమ్మలేదు. కాబట్టి ఈ లోకంలో శేషారత్నం అంటూ మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే. అదీ రీలు ఎక్కడుందో తెలియదు.

అలాంటిది ఒకనాడు కాలేషా ఫోను చేశాడు. మూతబడ్డ సినిమా హాల్లో ఆపరేటరుగా చేసి, ఇప్పుడు బెజవాడలో చలన వారసత్వ భద్రతా మండలిలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాడు.

"బాబాయ్, నీ బీరు బొమ్మ దొరికింది. మా పాత హాల్లో అటక మీదుంటే మా మండలికి తెచ్చేశారు డబ్బా. పిన్ని చెయ్యుందన్నావే, అదే!"

 కనకాచారి ఆ పూటే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, యాభై ఏళ్ళుగా తన దగ్గరే ఉన్న బానయ్యను సంచిలో పెట్టుకున్నాడు.

ఆ ఏడు ప్రభుత్వానికి వారసత్వం పూనింది. పూనకం వచ్చినప్పుడు వేపమండలతో పోదు, మండలితోనే పోతుంది కాబట్టి మండలి పెట్టారు. ఊళ్ళ మీద పడి పాత సినిమా డబ్బాలన్నీ పోగుచేసి తెచ్చి, వాన కురిసే గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ గది తలుపు తీస్తే పులిసిన పచ్చడి జాడీ మూత తీసినట్టుండేది. రీళ్ళు లోపల కుళ్ళుతున్నాయని కాలేషా మూడుసార్లు రాసి ఇచ్చాడు. వారసత్వం సహజంగా పాతబడునని పైనుంచి జవాబొచ్చింది. పక్కనే ఇంకో గది ఉంది, దానికి ఏసీ, రెండు తాళాలు. అది కేసుల్లో పట్టుకున్న సాక్ష్యాలకి.

"వారసత్వం గదికి చెదలు, సాక్ష్యం గదికి చలి. అదీ బాబాయ్ మా మండలి," అన్నాడు కాలేషా, కనకాచారిని డైరెక్టరు దగ్గరికి తీసుకెళ్తూ.

డైరెక్టరు పరాంకుశం గారు లేచి నించుని మరీ నమస్కారం పెట్టారు. మెడలో కండువా, గోడ మీద తన ఫోటోలే తొమ్మిది.

"కనకాచారిగారూ! మీరు ఒక వ్యక్తి కాదు, ఒక చలన ఘట్టం. మా వారసత్వ వారోత్సవాల్లో తమరి చిత్రంతోనే శుభారంభం. శాలువా, జ్ఞాపిక సిద్ధం."

"శాలువా ఎందుకులెండి," అన్నాడు కనకాచారి. "అందులో ఒక ఫ్రేములో మా ఆవిడ చెయ్యుందండి. ఆపి ఒక్కసారి చూపిస్తే చాలు. వీలైతే ఫోన్లో ఒక్క ఫోటో తీసుకుంటా."

"ఫోటోనా? అబ్బెబ్బే! మద్యం ప్రకటనకు నకలు తీయుట ప్రచారం కిందికి వచ్చును. ప్రచారం నేరం. చూపించడానికి అభ్యంతరం లేదు. కాకపోతే మద్యం ఉన్న చిత్రం కాబట్టి పద్నాలుగో నంబరు నమూనా నింపాలి. ధ్రువీకరణ రానిదే డబ్బా మూత తీయరాదు. లాంఛనమే అనుకోండి."

లాంఛనమే అనుకుని కనకాచారి నమూనా నింపడానికి కూర్చున్నాడు. తెరపై మద్యం సేవించు పాత్రధారి పేరు: బానయ్య. తండ్రి పేరు: కనకాచారి. పుట్టిన తేదీ దగ్గర కలం ఆగింది.

"ఏదో ఒకటి ముప్పై ఏళ్ళొచ్చేట్టు రాసెయ్ బాబాయ్," అన్నాడు కాలేషా గొంతు తగ్గించి.

"అబద్ధం ఎట్టా రాస్తాన్రా? కళ్ళు దిద్దింది నేనేగా!"

అక్కడే వచ్చింది చిక్కు. కనకాచారి ఇంట్లో తాతలనాటి ఆచారం ఒకటుంది. ఒళ్ళంతా చెక్కినా, రంగులన్నీ వేసినా అది కర్రే. చివర్న కళ్ళు దిద్దితేనే బొమ్మ. కళ్ళు దిద్దిన రోజే దాని పుట్టినరోజు, ఆ తేదీ పాదం కింద రాస్తారు. బానయ్య పాదం కింద ఫిబ్రవరి తొమ్మిది, డెబ్భై ఆరు అని ఉంది. ప్రకటన తీయడం మొదలైంది మే నెలలో. కనకాచారి రెండూ రాసి, సంతకం చేసి, రేపో ఎల్లుండో శేషారత్నం చెయ్యి చూస్తానని సంబరంగా బస్సెక్కాడు.

రేపూ కాదు, ఎల్లుండీ కాదు. తొమ్మిదో రోజున తాఖీదు వచ్చింది, బొమ్మతో సహా హాజరు కమ్మని.

పరువుగల బొమ్మను మాసిన ఒంటితో సభకు తీసుకెళ్ళడమెందుకని ముందురోజు కనకాచారి బానయ్యకు లక్క పూత రెండు సార్లు వేశాడు. లక్కను స్పిరిట్లో కరిగించి వేస్తారు, అదే ఆ పనిలో పద్ధతి. బానయ్య బుగ్గలు తళతళలాడాయి. పాపం, అదే అతని కొంప ముంచింది. అది తర్వాత.

కమిటీ బల్ల చుట్టూ ఏడుగురున్నారు. మధ్యలో పరాంకుశం గారు, పక్కన న్యాయ సలహాదారు అలివేలు గారు. బల్ల మీద బానయ్యను నిలబెట్టి, అతనికి ఎదురుగా ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టారు.

అలివేలు గారు గొంతు సవరించుకున్నారు. "తెరపై మద్యం సేవించు పాత్రధారికి చిత్రీకరణ నాటికి ఇరవై ఒక్క సంవత్సరములు నిండి ఉండవలెను. సదరు బానయ్యకు చిత్రీకరణ నాటికి నిండినవి మూడు నెలలు. మూడు నెలల పసికందుతో బీరు తాగించారని సభ దృష్టికి తీసుకురావడమైనది."

"అయ్యయ్యో!" అన్నారు ఏడుగురిలో ఒకాయన, నిజంగానే బాధపడుతూ.

కనకాచారికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. "అమ్మా, పసికందేంటండీ? చూడండి, మీసాలున్నాయి."

"నియమావళిలో మీసాల ప్రస్తావన లేదు."

"అది బొమ్మండీ!"

"పాత్రధారి అనగా పాత్రను ధరించినవాడు. మనిషే అయి ఉండాలని ఎక్కడా లేదు. తమరే స్వయంగా తండ్రి పేరు దగ్గర తమ పేరు రాశారు."

"పోనీ, అసలది బీరు కాదండీ. టీ డికాషను. పైన నురగ దూది. మా ఆవిడే..."

అలివేలు గారు చెయ్యెత్తి ఆపారు. "మూడు నెలల పసివాడికి డికాషను పట్టుట, దూది తినిపించుట. ఇవి రెండు వేరు నేరాలు. రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు.  ఇంకో రెండు వాక్యాలు మాట్లాడితే ఇంకో నాలుగు నేరాలయ్యేట్టున్నాయి.

సభలో అందరూ మూర్ఖులే అంటే తప్పు. ఒకాయన, అటవీ శాఖ నించి వచ్చినాయన, బుర్ర గోక్కుని, కర్ర వయసు కూడా చూడాలి గదా అన్నాడు. ఆ మాట మీద బానయ్య మడమ దగ్గర చిన్న చెక్కు తీసి పంపారు. చెట్టును కొట్టేనాటికి దాని వయసు సుమారు ఇరవై రెండేళ్ళని నివేదిక వచ్చింది. కనకాచారి ప్రాణం లేచి వచ్చింది. ఇరవై రెండంటే ఇరవై ఒకటి దాటినట్టే కదా! ఆ పూట కాలేషా ఇద్దరికీ మిరపకాయ బజ్జీలు తెచ్చాడు.

అలివేలు గారు రెండు రోజులు పుస్తకాలు తిరగేసి వచ్చారు.

"చెట్టుగా ఉన్న ఇరవై రెండేళ్ళూ గర్భవాసం కిందికి వచ్చును. గర్భంలో ఉన్న కాలాన్ని వయసులో కలుపు ఆచారం ఈ రాష్ట్రంలో లేదు. కలిపిన యెడల రాష్ట్రంలో ప్రతి ఒక్కరి పదవీ విరమణా తొమ్మిది నెలలు ముందుకు జరుగును."

ఈ చివరి మాటకి ఏడుగురూ ఉలిక్కిపడ్డారు. గర్భవాసం తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తర్వాత ఎముకల పరీక్ష. పెద్దాసుపత్రిలో బానయ్యను పడుకోబెట్టి ఎక్స్-రే తీశారు. కీళ్ళలో ఇనుము పుష్కలంగా ఉంది, రక్తహీనత లేదు అని డాక్టరు రాశాడు. ఆ డాక్టరు వెటకారంగా రాశాడో, అలసిపోయి రాశాడో తెలియదు. మండలి మాత్రం ఆ కాగితాన్ని భక్తితో ఫైలులో పెట్టింది. ఆ తర్వాత ప్రయోగశాల వాళ్ళు బానయ్య పెదవుల మీద తడి గుడ్డతో అద్ది పరీక్ష చేశారు. ఆల్కహాలు ఉన్నట్టు తేలింది.

ఉండదా మరి? రెండు పూతలు స్పిరిట్ పాలిష్!

ఆ నివేదిక చదువుతుంటే పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. కండువాతో ఒత్తుకున్నారు. "యాభై ఏళ్ళు. యాభై ఏళ్ళుగా తాగుతూనే ఉన్నాడు. ఆచారిగారూ, తండ్రిగా మీరేం చేస్తున్నట్టు?"

"అది పాలిషండీ! మొన్న నేనే పూశాను!"

"పూశారు. అంటే తమరే అలవాటు చేశారు. ఈ వయసులో, ఈ కాలంలో!" అలివేలు గారు ఇంకో పేజీ తిప్పారు. "రాసుకోండి."

కనకాచారికి కడుపు మండిపోయింది. ఆయన జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. ముట్టని మనిషిని పట్టుకుని, కర్ర బొమ్మకు తాగుడు నేర్పాడని ఏడుగురు చదువుకున్నవాళ్ళు తీర్మానిస్తుంటే ఎవడిక్కాదు మంట! లేచి, బొమ్మను చంకలో పెట్టుకుని వెళ్ళిపోదామనుకున్నాడు. కాని డబ్బా లోపల శేషారత్నం చెయ్యి ఉంది. మళ్ళీ కూర్చున్నాడు.

బానయ్యను మద్యవిముక్తి కేంద్రంలో ఇరవై ఎనిమిది రోజులకు చేర్చారు. పదకొండో నంబరు మంచం. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం పెరుగన్నం, అన్నీ రిజిస్టరు ప్రకారం వచ్చేవి, వార్డు ఆయా భక్తిగా తినేది. పక్క మంచం మీది రోగి మాత్రం మొదటి రెండు రోజులు బానయ్యను చూసి, తనకింకా దిగలేదేమోనని భయపడ్డాడు. వారం వారం కుటుంబ సభ్యులకు కౌన్సిలింగు ఉంటుంది. కనకాచారి వెళ్ళక తప్పలేదు.

"మీ అబ్బాయితో మనసు విప్పి మాట్లాడతారా?" అని అడిగిందొక చిన్నపిల్లలాంటి డాక్టరమ్మ, కాగితం చూసి.

"పని చేసేటప్పుడు మాట్లాడేవాణ్ణమ్మా."

"అదే మరి. పనున్నప్పుడే మాట్లాడతారు. అక్కడే మొదలవుతుంది అంతా."

ఇరవై ఎనిమిదో రోజున తూకం వేశారు. చేరినప్పుడు నాలుగు వందల పన్నెండు గ్రాములు, ఇప్పుడు మూడు వందల తొంభై ఎనిమిది. ఎండాకాలం, వార్డులో ఫ్యాను కింద కర్ర ఎండింది. బీరు బొజ్జ తగ్గుముఖం పట్టినదని రాశారు. కేంద్రం అధిపతి మైకు ముందు గద్గద స్వరంతో, "ఈ ఇరవై ఎనిమిది రోజుల్లో ఒక్కసారంటే ఒక్కసారి కూడా మందు కావాలని అడగలేదు. మా కేంద్ర చరిత్రలో ఇలాంటి సంకల్పబలం చూడలేదు," అన్నాడు. చప్పట్లు మోగాయి. కనకాచారి కోసం తెచ్చి అట్టే పెట్టిన శాలువాను పరాంకుశం గారు బానయ్యకు కప్పారు. ఇంటికి పంపితే తండ్రి మళ్ళీ పూస్తాడేమోనని, మారిన మనిషిగా అతన్ని ఆ కేంద్రంలోనే గాజు పెట్టెలో కూర్చోబెట్టారు.

"సార్, అబ్బాయి బాగుపడ్డాడు గదండీ," అన్నాడు కనకాచారి, ఆ సభ అయిపోగానే పరాంకుశం గారి వెంటపడి. ఇన్నాళ్ళకి ఆయనకూ వాళ్ళ భాష వచ్చేసింది. "ఇంక ఆ డబ్బా మూత తీయించండి."

"తీస్తున్నాం, ఆచారిగారూ, తీస్తున్నాం. సన్మానానికి కాదనుకోండి. పసివాడికి మద్యం అందించినది ఎవరన్నది తేలాలి కదా!"

అందించింది కొంగ. కొంగ బొమ్మను చెదలు తిని ముప్పై ఏళ్ళయింది. కొంగ పరారీలో ఉన్నదని ఫైల్లో రాసి, తక్కిన సాక్ష్యం కోసం రీలు చూడాలని నిశ్చయించారు. డబ్బాను కుళ్ళు గదిలోంచి తీసి సాక్ష్యాల గదికి మార్చారు. ఏసీ గది, రెండు తాళాలు, లోపలికి ఫోన్లు నిషిద్ధం. రీలును ఫ్రేము ఫ్రేముగా ఆపి చూసే బల్ల అక్కడే ఉంది. దాని ముందు కాలేషా కూర్చున్నాడు, వెనక పరాంకుశం గారు, అలివేలు గారు, సాక్షిగా కనకాచారి.

దీపం వెలిగింది. బానయ్య నడుచుకుంటూ వచ్చాడు. రంగులు కొంచెం వెలిసినా అదే నడక, అదే బొజ్జ. కొంగ గ్లాసు అందించింది. తాగాడు. మీసాలు పైకి లేవసాగాయి. కనకాచారి ముందుకు వంగాడు. ఏదో నీడ చటుక్కున వెళ్ళిపోయింది, మీసాలు పూర్తిగా లేచాయి, బీరు సీసా వచ్చింది, అయిపోయింది.

"మళ్ళీ వేస్తా సార్," అన్నాడు కాలేషా. ఎవరూ అడగలేదు. వేశాడు. ఈసారి మీసాల దగ్గర చెయ్యి మీట మీద ఉంచి, సరిగ్గా ఆపాల్సిన చోట ఆపాడు. ఆ మనిషి ఆపింది సాక్ష్యం కోసం కాదు, బాబాయి కోసం.

తెర మీద శేషారత్నం చెయ్యి.

అదే చెయ్యి. ఇరవై రెండేళ్ళ చెయ్యి. కందిన వేళ్ళు, తులసికోట పచ్చబొట్టు, ఎరుపు ఒకటీ ఆకుపచ్చ ఒకటీ రెండు గాజులు. చూపుడువేలి కొసన దూది. బానయ్యకి ఎక్కడ నొప్పెడుతుందో అన్నంత నెమ్మదిగా అద్దుతోంది.  పచ్చిమిరపకాయలు తరిగి ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుని తిట్టుకునేది పిచ్చిది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఆ చెయ్యే ఎండుపుల్లలా కనకాచారి చేతిలో ఉండేది. ఆ చెయ్యి ఇలా ఉండేదన్న సంగతే ఆయన మరిచిపోయాడు. మరిచిపోయినందుకు ఏడుపొచ్చింది.

"ఆగండి!" అన్నారు అలివేలు గారు, కుర్చీలోంచి లేచి. "అది మానవ హస్తం! పసివాడి నోటి దగ్గర మానవ హస్తం! ఇన్నాళ్ళూ కొంగ అనుకున్నాం. అసలు ముద్దాయి ఇదిగో!"

పరాంకుశం గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. వారసత్వం ఇంత ఉత్కంఠగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

అలివేలు గారు సంచిలోంచి నియమావళి తీసి, సాక్షి కేసి తిరిగి, గట్టిగా చదివారు. "సాక్షి సావధానంగా వినవలెను. ముద్దాయిని సాక్షి గుర్తించి, సదరు ముద్దాయి మరణించి ఉన్న యెడల కేసు మూసివేయబడును, సాక్ష్య వస్తువును పదిహేను దినములలో దగ్ధం చేయవలెను. ముద్దాయిని గుర్తించలేని యెడల, గుర్తించు పర్యంతము సాక్ష్య వస్తువును శీతల గదిలో భద్రపరచవలెను. ప్రతి ఆరు నెలలకూ సాక్షిని పిలిపించి సదరు వస్తువును చూపి విచారించవలెను." పుస్తకం మూశారు. "ఇప్పుడు చెప్పండి, ఆచారిగారూ. ఈ చెయ్యి ఎవరిది?"

కాలేషా వెనక్కి తిరగలేదు. మీట మీంచి వేలు తీయలేదు.

బానయ్య పుట్టినరోజు ముప్పై ఏళ్ళు వెనక్కి జరపమంటే జరపని మనిషి కనకాచారి. ఒక్క అంకె అబద్ధం రాసి ఉంటే ఆ మొదటి రోజే చూసి ఇంటికి పోయేవాడు. రాయలేదు. డెబ్భై ఆరేళ్ళ బతుకులో కాగితం మీద గాని, నోటితో గాని కల్ల ఎరగడు. ఇది మా ఆవిడ చెయ్యేనండీ అని అరవాలనుంది ఆయనకు. ఆ మాట అనడానికే కదా ఇన్ని నెలలుగా ఈ పిచ్చాసుపత్రి చుట్టూ తిరిగింది! అన్నాడా, పదిహేను రోజుల్లో మండుతుంది. మనిషిని ఒకసారి ఏటిగట్టున కాల్చి వచ్చాడు. ఆ చేతిని రెండోసారి కాల్చడానికి ఆయనకు మనసొప్పలేదు.

"తెలీదండీ," అన్నాడు.

"తమరు అక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నానండీ. చాలామంది చేతులుండేయండి అక్కడ."

"ఆ పచ్చబొట్టు?"

"ఆ రోజుల్లో ఆడాళ్ళందరికీ ఉండేయండి."

"నిదానంగా, సరిగ్గా చూసి చెప్పండి."

కనకాచారి నిదానంగా, సరిగ్గా చూశాడు. అంత నిదానంగా ఆయన ఏ చేతినీ చూసి ఉండడు. "ఎప్పుడూ చూసిన గుర్తు లేదండీ," అన్నాడు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ.

"సాక్షి వృద్ధుడు, చూపు మందగించినది," అని గుమాస్తా రాసుకున్నాడు. డబ్బాకు సీలు వేశారు. రెండు తాళాలు పడ్డాయి. ఏసీ గుయ్యిమంటూ పని చేయసాగింది.

ఆ తర్వాత వారసత్వం గదిలో ఉన్న మూడు వందల చిల్లర రీళ్ళూ ఆ వానాకాలంలోనే ముద్దయి, మున్సిపాలిటీ బండెక్కాయి. వారోత్సవాలు మటుకు ఘనంగా జరిగాయి. ఆ మండలిలో ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉన్న రీలు ఒకే ఒకటి. అది నేరం చేసిన రీలు.

ఆరు నెలలకొకసారి తాఖీదు వస్తుంది. కనకాచారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని, పొద్దున్నే బస్సు ఎక్కుతాడు. కాలేషా దీపం వెలిగించి, ఆపాల్సిన చోట ఆపి, నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుంటాడు.  సాక్షి పూర్తిగా సహకరిస్తున్నాడని ప్రతిసారీ ఫైల్లో రాస్తారు.

మొన్నటిది నాలుగోసారి. అలివేలు గారికి ఓపిక నశించింది.

"ఏమండీ ఆచారిగారూ, రెండేళ్ళవుతోంది. ఇప్పటికైనా ఏమన్నా గుర్తొస్తోందా?"

కనకాచారి తెర మీంచి చూపు తిప్పలేదు.

"వస్తా వస్తా ఉందండీ," అన్నాడు. "ఇంకో ఆర్నెల్లు పడుద్ది."